‘మా ఇంటి ఆడవాళ్ళకు ఇంతే’ అనుకుంటున్న రక్తస్రావం

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా సింగరాయకొండ దగ్గర ఒక పల్లెటూరు. మా అమ్మాయికి పదహారేళ్ళు. నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. పెద్దమనిషి అయిన నాటి నుంచీ నెలనెలా తొమ్మిది పది రోజులు రక్తం పోతుంది. మొదటి నాలుగు రోజులూ గంటన్నరకొక ప్యాడ్ మార్చాలి, గడ్డలు కూడా పడతాయి. పోయిన నెలలో తరగతిలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. హిమోగ్లోబిన్ 6.8 ఉందని ఒక బాటిల్ రక్తం ఎక్కించారు. స్కానింగ్‌లో గర్భసంచి, అండాశయాలు బాగానే ఉన్నాయన్నారు. చిన్నప్పుడు ఎండాకాలంలో ముక్కు వెంట రక్తం కారేది. వేడి చేసిందని బార్లీ నీళ్ళు తాగించేవాళ్ళం. మా అమ్మకూ నాకూ కూడా నెలసరి ఇలాగే ఉండేది. రెండు కాన్పులప్పుడూ నాకు రక్తం ఎక్కించారు, 29వ ఏట గర్భసంచి తీసేశారు. మా అన్నయ్యకు పన్ను తీయించుకున్నప్పుడు రెండు రోజులు రక్తం ఆగలేదు. ఇది వేడా, జబ్బా? పెళ్ళయి ఒక బిడ్డ పుట్టాక దీనికీ గర్భసంచి తీయిస్తే సరిపోతుందని బంధువులు అంటున్నారు. మా అన్నయ్య కొడుక్కి ఇవ్వాలని పెద్దవాళ్ళ మాట కూడా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ అమ్మాయి నెలసరి, చిన్నప్పుడు ఆమె ముక్కు వెంట కారిన రక్తం, మీ కాన్పుల్లో ఎక్కించిన రక్తం, మీ అన్నయ్య గారి పన్ను అని మీరు నాలుగు సంగతులు విడివిడిగా రాశారు. నేను వాటిని ఒకే వరుసలో పెట్టి చదివాను. మూడు తరాల్లో, ఆడవారిలోనూ మగవారిలోనూ, శరీరంలో వేరువేరు చోట్ల రక్తం త్వరగా ఆగకపోవడం కనిపిస్తున్నప్పుడు దాన్ని గర్భసంచి సమస్య అనడానికి లేదు. మీ అన్నయ్య గారికి గర్భసంచి లేదు కదా. రక్తం గడ్డకట్టే తీరులోనే పుట్టుకతో వచ్చిన లోపం ఏదో మీ కుటుంబంలో ఉండవచ్చునని నా అనుమానం. ఉత్తరం చదివి రోగనిర్ధారణ చేయడం ఎవరికీ తగదు కాబట్టి దీన్ని అనుమానంగానే తీసుకోండి. అయితే దాన్ని తేల్చే రక్తపరీక్షల ప్రస్తావన మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మొదట జరగవలసింది అదే.

ముక్కు వెంట రక్తం కారితే వేడి అనుకోవడం మన ప్రాంతంలో మామూలే. రోహిణీ కార్తెలో ముక్కు లోపలి పొర ఎండి చిట్లడం నిజమే గనుక ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. అయితే అదే ఎండలో తిరిగిన పక్కింటి పిల్లకు రెండు నిమిషాల్లో ఆగే రక్తం మీ పిల్లకు పది నిమిషాలు దాటినా ఆగకపోతే, ఆ తేడా ఎండలో లేదు. చెవులు కుట్టించినప్పుడు, పాలపళ్ళు ఊడినప్పుడు ఎంతసేపు రక్తం కారిందో, ఏ దెబ్బా గుర్తులేకుండానే తొడల మీదా చేతుల మీదా నల్లగా కమిలిన మచ్చలు ఎప్పుడైనా కనిపించాయో గుర్తుచేసుకుని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. డాక్టరుకు ఆ కాగితం స్కానింగ్ రిపోర్టు కన్నా ఎక్కువ చెబుతుంది.

రక్తనాళం తెగిన చోటికి ముందుగా ప్లేట్‌లెట్లు అనే చిన్న రక్తకణాలు చేరి అడ్డుకట్ట వేస్తాయి. అవి అక్కడ అతుక్కుని నిలవడానికి వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ కావాలి. చెరువు కట్టకు గండి పడినప్పుడు ఇసుక బస్తాలు ఎన్ని తెచ్చి వేసినా, వాటిని పట్టి నిలబెట్టే వెదురు దడి లేకపోతే నీటి వడికి కొట్టుకుపోతాయి. ఇక్కడ జరిగేదీ అంతే. ఈ ప్రొటీన్ తక్కువగా ఉండడమో, ఉన్నది సరిగా పనిచేయకపోవడమో వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి. వంశపారంపర్యంగా వచ్చే రక్తస్రావ వ్యాధుల్లో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. నెలసరి అధికంగా అయ్యే స్త్రీలందరినీ పరీక్షిస్తే 5 నుంచి 20 శాతం మందిలో ఇది బయటపడుతుందని వేరువేరు అధ్యయనాలు చెబుతున్నాయి.

ఈ వ్యాధిని 1926లో మొదటిసారి వర్ణించినవారు ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్. ఆలాండ్ దీవుల నుంచి ఆయన దగ్గరకు తీసుకువచ్చిన బాలికకు అప్పటికి ఐదేళ్ళు. ఆమె తోబుట్టువుల్లో కొందరు అప్పటికే రక్తస్రావంతో చనిపోయారు. ఆ పిల్ల కూడా పదమూడో ఏట, నాలుగో నెలసరిలో రక్తం ఆగక చనిపోయింది. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది రాయడం లేదు, ఇప్పుడు మందులున్నాయి. అయినా వంశపారంపర్య రక్తస్రావం అనగానే మన డాక్టర్లలో కూడా చాలామందికి మగపిల్లలే గుర్తుకు వస్తారు. రక్తం గడ్డకట్టించే వేరే ప్రొటీన్ (దాన్నీ ఫ్యాక్టర్ అనే అంటారు) తక్కువగా ఉండే హీమోఫిలియా మగవారికే వస్తుందనీ, స్త్రీలు దాన్ని మోసేవారు మాత్రమేననీ పాఠాల్లో చదివిన ప్రభావం అది. నిజానికి హీమోఫిలియా వాహకులైన స్త్రీలలో చాలామందికి ఫ్యాక్టర్ తక్కువగానే ఉంటుంది, రక్తస్రావమూ ఉంటుంది. ఫ్యాక్టర్ 40 శాతానికి తగ్గిన స్త్రీని వాహకురాలనకుండా హీమోఫిలియా ఉన్న మనిషిగానే లెక్కించాలని అంతర్జాతీయ నిపుణులు 2021లో ప్రతిపాదించారు. పైగా ఇలాంటి లోపం ఉన్న మగవాడికి పన్ను తీయించుకున్నప్పుడో దెబ్బ తగిలినప్పుడో తప్ప సంగతి తెలియకపోవచ్చు. స్త్రీకి మాత్రం నెలనెలా, కాన్పుకాన్పుకూ అది పరీక్ష పెడుతూనే ఉంటుంది.

ఎంత రక్తం పోతే ఎక్కువ అన్నది మీ ఇంట్లో తేల్చడం కష్టం, ఎందుకంటే అమ్మమ్మకూ అమ్మకూ కూతురికీ ఒకే తీరుగా ఉన్నప్పుడు అదే మామూలు అనిపిస్తుంది. సాధారణంగా ఒక నెలసరిలో 30 నుంచి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 80 దాటితే అధికం. కొలవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. కొద్దిగా మరక పడిన ప్యాడ్‌కు 1, సగం వరకు తడిసిన దానికి 5, పూర్తిగా తడిసిన దానికి 20 చొప్పున మార్కులు వేయాలి. చిన్న గడ్డకు 1, పెద్ద గడ్డకు 5 కలపాలి. నెలసరి మొత్తానికి కలిపి 100 దాటితే అధిక రక్తస్రావంగా పరిగణిస్తారు. మీ అమ్మాయికి ఒక్క రోజులో ఆరు ప్యాడ్లు పూర్తిగా తడిస్తే ఆ ఒక్క రోజుకే 120 అవుతుంది. వచ్చే నెలసరిలో ఈ లెక్క నోటుపుస్తకంలో వేసుకోమని చెప్పండి. ఇంటర్ చదివే పిల్లకు ఇది కష్టమైన పని కాదు.

పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్ళలో అండం క్రమంగా విడుదల కాక కూడా రక్తస్రావం ఎక్కువ కావచ్చు. థైరాయిడ్ లోపం వల్ల కూడా కావచ్చు. కాబట్టి థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్షతో పాటు ప్లేట్‌లెట్ల సంఖ్య, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే పీటీ, ఏపీటీటీ, ఐరన్ నిల్వలను చూపే ఫెరిటిన్, బ్లడ్ గ్రూపు చూడాలి. వాటితో ఆగకుండా వాన్ విల్లెబ్రాండ్ యాంటిజెన్ (అంటే ఆ ప్రొటీన్ ఎంత ఉందో), దాని పనితీరు, రక్తం గడ్డకట్టించే మరో ప్రొటీన్ అయిన ఫ్యాక్టర్ ఎనిమిది పరీక్షలు తప్పనిసరిగా చేయించాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. మన ఊళ్ళలోని ల్యాబుల్లో బీటీ (రక్తం కారే సమయం), సీటీ (గడ్డకట్టే సమయం) అని రెండు పరీక్షలు చేసి ‘నార్మల్’ అని రాసిస్తారు, దాంతో అందరూ ఊరట చెందుతారు. ఆ రెండూ, ఆ మాటకొస్తే పీటీ, ఏపీటీటీ కూడా, పూర్తిగా నార్మల్‌గా ఉంటూనే వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి ఉండవచ్చు.

వాన్ విల్లెబ్రాండ్ ప్రొటీన్ స్థాయి ఒకచోట నిలకడగా ఉండదు. జ్వరం, ఆందోళన, గర్భం, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు దాన్ని పెంచుతాయి. ఓ గ్రూపు రక్తం ఉన్నవారికి సహజంగానే కొంత తక్కువ ఉంటుంది. అందువల్ల ఒకసారి బాగుందని వచ్చినా, అనుమానం బలంగా ఉన్నప్పుడు మళ్ళీ చేయించాలి. స్థాయి 30 శాతం కన్నా తక్కువ ఉంటే వ్యాధి ఉన్నట్టే. 30కీ 50కీ మధ్య ఉండి, మీ అమ్మాయిలా రక్తస్రావ చరిత్ర కూడా ఉంటే ఇప్పటి మార్గదర్శకాల ప్రకారం అదీ వ్యాధిగానే లెక్క. ఈ స్థాయి బాగుంటే ప్లేట్‌లెట్ల పనితీరునూ, మిగతా ఫ్యాక్టర్లనూ చూస్తారు. ఇంకొక మాట: రక్తం తీసి ఐస్ పెట్టెలో వేరే నగరానికి పంపితే, దారిలో చల్లదనానికే ఈ ప్రొటీన్ తగ్గి లేని జబ్బు ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ ఒక్క పరీక్షకు మాత్రం అమ్మాయినే ల్యాబు ఉన్న చోటికి తీసుకువెళ్ళడం మేలు. మన జిల్లాల వారికి చెన్నై, వేలూరు కొత్త ఊళ్ళేమీ కావు. వేలూరు సీఎంసీలో రక్తవ్యాధుల విభాగానికి ఈ వ్యాధులలో ఎన్నో ఏళ్ళ అనుభవం ఉంది. ముందుగా ఒంగోలు లేదా నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీవైద్య నిపుణురాలికి చూపించి, ఈ అనుమానం చెప్పి, రెఫరల్ రాయించుకోండి.

ఫలితాలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. ట్రనెగ్జామిక్ ఆసిడ్ అనే మాత్ర ఏర్పడిన గడ్డ త్వరగా కరిగిపోకుండా చూస్తుంది. డాక్టరు సలహాతో నెలసరి మొదటి రోజు నుంచి మూడు నుంచి ఐదు రోజులు, సాధారణంగా గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు వాడతారు. అది చాలకపోతే హార్మోన్ మాత్రలు ఇస్తారు. పెళ్ళికాని పిల్లకు హార్మోన్ మాత్రలేమిటని, రేపు పిల్లలు పుట్టరేమోనని తల్లులు భయపడుతుంటారు. ఆ భయానికి ఆధారం లేదు. మాత్ర మానేశాక సంతానశక్తి మామూలుగానే ఉంటుంది. రక్తం బాగా పోతున్నప్పుడు పరీక్ష కోసమని ఆ మాత్రలను ఆపవద్దు, వాడుతున్న సంగతి ల్యాబులో చెబితే చాలు. డెస్మోప్రెసిన్ అనే మందు ఒంట్లో నిల్వ ఉన్న వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్‌ను రక్తంలోకి విడుదల చేయిస్తుంది, కానీ ఈ వ్యాధిలోని అన్ని రకాలకూ పనికిరాదు. 2బి రకంలో దాన్ని వాడరు, తీవ్రమైన మూడో రకంలో అది పనిచేయదు. అందుకే రకం కూడా తేలాలి. తీవ్రమైన వారికి ఫ్యాక్టర్‌నే ఎక్కించాలి.

వాడకూడనివి తెలుసుకోవడం అంతకన్నా ముఖ్యం. నెలసరి కడుపునొప్పికి హాస్టల్లో అమ్మాయిలు ఒకరికొకరు ఇచ్చుకునే మాత్రల్లో చాలావాటిలో మెఫెనమిక్ ఆసిడ్ ఉంటుంది. అదీ, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్ప్రిన్ కూడా ప్లేట్‌లెట్లను మందగింపజేస్తాయి. రక్తం గడ్డకట్టే లోపం ఉన్నవారికి ఇవి పనికిరావు; నొప్పికి పారాసిటమాల్ వాడమనండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్ళగానే జ్వరానికైనా నీరసానికైనా తుంటికి ఒక సూది వేయించుకునే అలవాటు కూడా మీ ఇంట్లో మానాలి, ఎందుకంటే కండరంలో లోపల రక్తం చేరి గట్టిపడవచ్చు. టీకాలు మాత్రం సన్నని సూదితో వేయించి, పది నిమిషాల పాటు రుద్దకుండా అదిమి పట్టుకుంటే చాలు.

ఎక్కించిన ఒక బాటిల్ రక్తంతో హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరుగుతుంది, అంతే. ఒంట్లో ఖాళీ అయిన ఐరన్ నిల్వలు దాంతో నిండవు. మీ అమ్మాయి పచ్చి బియ్యం గానీ బలపాలు గానీ నములుతోందేమో అడగండి. దాన్ని చెడ్డ అలవాటని తిట్టే ముందు ఐరన్ లోపమేమోనని చూడాలి. బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పడుతుందని మనవాళ్ళ నమ్మకం. అవి తింటే నష్టం లేదు గానీ, నెలనెలా ఇంత రక్తం పోతున్న పిల్లకు అవి ఏ మూలకూ రావు. ఐరన్ మాత్రను నిమ్మరసంతో వేసుకోవాలి, దాని ముందూ వెనకా ఒకటి రెండు గంటలు టీ, పాలు తాగకూడదు. హిమోగ్లోబిన్ 12కు చేరాక కూడా కనీసం మూడు నెలలు కొనసాగించాలి. మాత్ర పడకపోతే సెలైన్‌లో కలిపి ఎక్కించే ఐరన్ ఉంది. చదువుపై దృష్టి నిలవకపోవడం, మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నిద్రమత్తు వంటివి బద్ధకం కింద జమకట్టే హాస్టళ్ళలో ఈ పిల్లలు అనవసరంగా మాటలు పడుతుంటారు. ఒక డాక్టరు ఉత్తరం వార్డెన్ దగ్గర, ఒకటి ప్రిన్సిపాల్ దగ్గర ఉంచండి: తరగతి మధ్యలో బయటకు వెళ్ళనివ్వాలని, పరీక్ష హాలులో కూడా అడ్డుచెప్పవద్దని, గంటకొక ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, కళ్ళు తిరిగినా, గుండె దడగా ఉన్నా మీ ఫోను కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలని అందులో స్పష్టంగా రాయించండి.

రెండు నెలసరుల మధ్య, పధ్నాలుగో రోజు ప్రాంతంలో, పొత్తికడుపులో ఒక పక్కన తీవ్రమైన నొప్పి వస్తే దాన్నీ తేలికగా తీసుకోకండి. అండం విడుదలైన చోట అందరికీ ఆగిపోయే చిన్న రక్తస్రావం ఇలాంటివారిలో ఆగక కడుపులోకి చేరవచ్చు. దాన్ని అపెండిసైటిస్ అనుకుని ఆపరేషన్‌కు సిద్ధపడిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి.

ఇక గర్భసంచి తీయించే మాట. ఈ ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపుతున్నాయి. పుట్టబోయే బిడ్డ సంగతి తేలకముందే ఒక పదహారేళ్ళ పిల్ల గర్భసంచి గురించి బంధువులు తీర్పు చెప్పగలుగుతున్నారంటే అది మనకు ఎంత మామూలైపోయిందో చూడండి. లోపం రక్తంలో ఉంటే గర్భసంచి తీసినా ఆ లోపం పోదు. పైగా సంగతి తెలియకుండా కత్తి పెట్టడం వల్ల ఆ ఆపరేషనే ప్రమాదకరం అవుతుంది. మీకు నెలసరి ఆగింది కానీ, మీ రక్తం మారలేదు. కాబట్టి అమ్మాయితో పాటు మీరు కూడా పరీక్ష చేయించుకోండి. ఇకపై మీరు పన్ను తీయించుకోవలసి వచ్చినా, మరే ఆపరేషన్ అయినా, ముందే ఈ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఆ ఆపరేషన్‌లో మీ అండాశయాలు కూడా తీసేశారా అన్నది పాత కాగితాల్లో చూడండి. తీసి ఉంటే ఎముకల బలం పరీక్షించుకోవడం అవసరం.

మేనరికం గురించి అడిగారు. వ్యాధి పేరు తేలకుండా దీనికి ఎవరు ఏ జవాబు చెప్పినా అది ఊహే అవుతుంది, ఎందుకంటే పేరును బట్టి లెక్క తలకిందులవుతుంది. మీ ఇంట్లో ఉన్నది వాన్ విల్లెబ్రాండ్ వ్యాధిలో సాధారణ రకమైతే, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు. ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా వచ్చే అవకాశం సగం. మీ అన్నయ్య గారికి ఉంటే ఆయన కొడుకుకూ ఉండవచ్చు. అలా ఇద్దరికీ ఉండి పెళ్ళి జరిగితే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు వైపుల నుంచీ లోపం చేరి వ్యాధి తీవ్రమయ్యే అవకాశం నాలుగింట ఒకటి. అదే హీమోఫిలియా అయితే, ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తండ్రి కొడుకుకు ఇచ్చేది వై క్రోమోజోము గనుక మీ అన్నయ్య గారి కొడుకుకు ఆయన నుంచి వ్యాధి రాదు. అప్పుడు మీ అమ్మాయి బావను చేసుకున్నా, బయటి సంబంధం చేసుకున్నా, ఆమెకు పుట్టే ప్రతి మగబిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం సగం ఉంటుంది. తల్లిదండ్రులిద్దరికీ ఏ లక్షణమూ లేకుండా మేనరికపు పిల్లల్లో మాత్రమే బయటపడే అరుదైన లోపాలు కూడా ఉన్నాయి గానీ, మూడు తరాలుగా వరుసగా కనిపిస్తున్న మీ ఇంటి తీరు వాటికి అంతగా సరిపోదు.

పిల్లకు పద్దెనిమిది నిండనిదే పెళ్ళి మాట ఎలాగూ లేదు. అసలు పెళ్ళి ఇష్టాయిష్టాలు ఆమెవి. ఈ వ్యాధి ఉన్న స్త్రీలు గర్భం దాల్చి క్షేమంగా కంటున్నారు. కాకపోతే గర్భంతో పెరిగిన ప్రొటీన్ కాన్పయ్యాక కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది కాబట్టి, రక్తస్రావం మీకు జరిగినట్టు కాన్పు నాడే కాక, రెండు మూడు వారాల తర్వాత కూడా రావచ్చు. ఏడో నెల దాటాక మళ్ళీ పరీక్ష చేసి, ఫ్యాక్టర్ లేదా మందులు సిద్ధంగా ఉంచుకునే పెద్ద ఆసుపత్రిలోనే కాన్పు జరగాలి. ఈ సంగతిని సంబంధం చెడుతుందని మీ అన్నయ్య గారి దగ్గర దాచకండి. పన్ను దగ్గర రెండు రోజులు రక్తం ఆగని మనిషి ఆయనే కాబట్టి పరీక్ష ఆయనకూ అవసరమే. ఆయనకు ఆడపిల్లలుంటే వారి నెలసరి ఎలా ఉంటోందో వదినగారిని అడగండి; వారిది కూడా మీ అమ్మాయి లాగే ఉంటే, అందరినీ ఒకేసారి వెంటబెట్టుకుని వెళ్ళండి.